కొండ కింద ఇంటిల్లిపాది క్యాంపు, మట్టిదారుల్లో బండ్లు: తిరుపతి, చిత్తూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అవ్వాతాతల నుంచి చంటిబిడ్డ దాకా పది పదిహేనుమంది కలిసి కొండ దగ్గర రెండు రాత్రులు డేరాలు వేసుకుని ఉంటారు. వాళ్లలో నలుగురైదుగురు పొద్దున్నే బైకుల మీదో జీపులోనో మట్టిదారులు తిరిగొస్తారు. ఈ జవాబులు అలాంటి ప్రయాణానికి రాసినవి. లెక్కలన్నీ 14 మందికి, అంటే పెద్దలు 10, పిల్లలు 4 అనుకుని వేశాం.

శేషాచలం అడవిలోకి బైకులు తీసుకెళ్లి తిరగొచ్చా?

తిరగకూడదు. శేషాచలం కొండలు 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. అందులోనే శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్లడమే నేరం. పలమనేరు, కుప్పం వైపున్న కౌండిన్య అభయారణ్యానికీ ఇదే వర్తిస్తుంది. పైగా ఇవి ఎర్రచందనం కొండలు. రాత్రిపూట అడవిదారిలో బండ్ల వెలుగు కనిపిస్తే సిబ్బంది మిమ్మల్ని విహారానికి వచ్చినవాళ్లుగా చూడరు. చూడాలని ఆశించడం కూడా న్యాయం కాదు. కింద పడి ఉన్న ఎర్రచందనం ముక్కను గుర్తుగా దాచుకున్నా కేసే.

తారు రోడ్డు, టికెట్టు కౌంటరు ఉన్న తలకోన లాంటి చోటికి వెళ్లొచ్చు. అక్కడ కూడా బండి పార్కింగు దగ్గరే ఆగాలి.

మరి మట్టిదారులు ఎక్కడ దొరుకుతాయి?

అడవి బయటే కావలసినంత ఉన్నాయి. కొండ కింది పల్లెల మధ్య మెటల్ రోడ్లు, మామిడి తోటల బాటలు, బండ్లబాటలు, ఎండిన చెరువు గర్భాలు, రైతు ఒప్పుకుంటే బీడు పట్టా భూములు. చంద్రగిరి, పాకాల, పులిచెర్ల, బంగారుపాళెం, పుత్తూరు మండలాల్లో ఇలాంటివి చాలా కనిపిస్తాయి. ముందురోజు కారులో వెళ్లి చూసుకోవాలి. ఫారెస్టు హద్దురాళ్లు, బోర్డులు ఎక్కడ మొదలవుతాయో ఊళ్లో అడిగి తెలుసుకోవాలి. మ్యాపులో దారి ఉన్నంతమాత్రాన అది ప్రజలు తిరిగే దారి అని అనుకోవద్దు.

మన ప్రాంతంలో కొత్తవాళ్లు ఊహించని ప్రమాదాలు మూడు.

మొదటిది నేలబావులు. పొలం గట్టు పక్కనే ముప్పై నలభై అడుగుల లోతు, చుట్టూ గోడ ఉండదు, అంచున గడ్డి పెరిగి కప్పేసి ఉంటుంది. అందుకే తెలియని పొలంలోకి బాట వదిలి తిప్పకూడదు. రెండోది అడవిపందుల కోసం కట్టే కరెంటు తీగ. చట్టవిరుద్ధమే అయినా కొన్నిచోట్ల ఉంది. చీకటి పడ్డాక పొలాల్లోకి నడిచి కూడా వెళ్లొద్దు. మూడోది తోటల మధ్య అడ్డంగా కట్టిన ముళ్లతీగ. ఎండ ఎదురుగా కొట్టేటప్పుడు పది అడుగుల దాకా వచ్చినా కనిపించదు. మెడ ఎత్తులో ఉంటే ప్రాణానికే ముప్పు. రెండువైపులా రాతికూసాలు కనిపించాయంటే మధ్యలో తీగ ఉందనే అనుకుని వేగం తగ్గించాలి.

జనవరి, ఫిబ్రవరిలో మామిడి పూత మీద ఉంటుంది. తోట పక్కన దుమ్ము రేపితే పూత మీద పడుతుంది, రైతుకు నష్టం. అక్కడ మొదటి గేరులో నెమ్మదిగా పోవాలి. మేకల మంద ఎదురైతే ఇంజను ఆపేయండి. మంద దాటిపోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. చెదిరిన మందను కూడగట్టుకోవడానికి కాపరికి పూటంతా పడుతుంది.

క్యాంపు ఎక్కడ పెట్టాలి? తలకోనలోనా, హార్స్‌లీ హిల్స్‌లోనా?

రెండూ మంచివే, కానీ బైకులు తిరగాలనుకునే కుటుంబానికి మా సలహా వేరు. కొండ కింద, అడవి బయట, కారు డేరా దాకా వచ్చే తోట ఒకటి మాట్లాడుకోండి. బోరు నీళ్లు, ఒక మరుగుదొడ్డి, నాలుగు పెద్ద చెట్లు ఉంటే చాలు. క్యాంపు అక్కడే కదలకుండా ఉంటుంది. బండ్లు అక్కడి నుంచి బయల్దేరి అక్కడికే తిరిగొస్తాయి. పెద్దవాళ్లను రోజుకో చోటికి తిప్పడం మొదలుపెడితే రెండో రోజుకే అందరూ అలిసిపోతారు.

తలకోన తిరుపతికి దాదాపు 60 కిలోమీటర్లు. చంద్రగిరి, భాకరాపేట ఘాటు, ఎర్రావారిపాళెం, నెరబైలు మీదుగా దారి. 270 అడుగుల జలపాతం. ఒక పూట నడకకు సరిగ్గా సరిపోతుంది. వాహనాలు ఆగే చోటి నుంచి జలపాతం దగ్గరికి మెట్లు, రాళ్లు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర కూర్చోవచ్చు. హార్స్‌లీ హిల్స్ సముద్రమట్టానికి 4 వేల అడుగులకు పైనే ఉంటుంది కాబట్టి ఎండాకాలంలో అదే మేలు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మాత్రం స్వెటర్లు, కంబళ్లు తప్పవు.

ఏ నెలలో వెళ్లాలి?

డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా పడతాయి. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వస్తే ప్రయాణం వాయిదా వేయండి. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానకు తిరుమల ఘాట్లలో కొండచరియలు విరిగిపడ్డాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అలాంటి వానలో వంక పక్కన డేరా ఉంటే సామాను సర్దుకునే సమయం కూడా దొరకదు.

మార్చి నుంచి మే దాకా వేడి 40 డిగ్రీలు దాటుతుంది, కొండల మీద బోదగడ్డి ఎండి నిప్పురవ్వకే అంటుకుంటుంది. ఆ నెలల్లో చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో డేరాల్లో ఉండొద్దు.

బండ్లు తోలేవాళ్లు వెళ్లిపోతే మిగతావాళ్లు ఏం చేయాలి? ఇంట్లో ఎప్పుడూ దీని గురించే గొడవ.

గొడవకు కారణం ఎక్కువసార్లు వేళ చెప్పకపోవడమే. పొద్దున 6:30కి బయల్దేరి 10:30కి తిరిగి రావాలి. అంతే, ఆ పూటకు బండ్ల పని అయిపోయింది. ఆ తర్వాత ఎండ ఎక్కువ, తోలేవాళ్లకు కూడా ఒంట్లో నీళ్లు తగ్గి చేతులు పట్టు తప్పుతాయి. పడిపోవడాలు చాలామటుకు ఒళ్లు అలిసిపోయాకే జరుగుతాయి. మధ్యాహ్నం అందరూ కలిసి వంట, నిద్ర. సాయంత్రం 4 నుంచి 5:30 దాకా పిల్లలతో నడక, లేకుంటే క్యాంపు పక్కన చదునైన చోట కొత్తవాళ్లకు బండి నేర్పడం.

తోలేవాళ్లలో వంట తెలిసినవాళ్లు, డేరా వేయడం తెలిసినవాళ్లు అందరూ ఒకేసారి వెళ్లిపోవద్దు. క్యాంపులో ఎప్పుడూ కారు తోలగలిగిన ఒకరు, తాళాలతో సహా ఉండాలి. ఇది ఖచ్చితంగా పాటించండి. తాతకు గుండెల్లో నొప్పి వస్తే కారు ఉండీ తోలేవాళ్లు లేని పరిస్థితి రాకూడదు.

బీపీ, షుగరు మాత్రలు రెండు చోట్ల విడివిడిగా పెట్టండి. ఒక సంచి తడిసినా ఇంకోటి ఉంటుంది. ఇన్సులిన్ ఉంటే వెడల్పు మూతి ఫ్లాస్కులో, ఐసుముక్కకు నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టి పెట్టాలి. గడ్డకడితే అది పనికిరాదు.

ఎన్ని డేరాలు, ఏ సైజువి? నేల మీద పెద్దవాళ్లు పడుకోగలరా?

నలుగురికి అని అమ్మే డేరాలో ముగ్గురే హాయిగా పడుకుంటారు. 14 మందికి అలాంటివి ఐదు కావాలి. ఒకటి నిలబడి బట్టలు మార్చుకునేంత ఎత్తున్నది తీసుకోండి, ఆడవాళ్లకు వీలుగా ఉంటుంది. అరవై దాటినవాళ్లకు మడతమంచాలు తప్పనిసరి. సౌకర్యం కోసమే కాదు, నేల మీది నుంచి రాత్రి రెండుసార్లు లేవడం మోకాళ్లకు కష్టం, కట్లపాము కాట్లు ఎక్కువగా నేలమీద పడుకున్నవాళ్లకే పడతాయి.

మన నేల గట్టి, గులకరాయి. డేరాతో వచ్చే సన్నటి అల్యూమినియం మేకులు రెండో దెబ్బకే వంగుతాయి. ఇనుప సామాను అంగట్లో 8 అంగుళాల మేకులు డేరాకు పదేసి కొనండి, రెండు కిలోల సుత్తి ఒకటి. మేకు దిగనిచోట తాడును పెద్ద రాయికి చుట్టి, దాని మీద ఇంకో రాయి పెట్టాలి. కింద వేసే టార్పాలిన్ డేరా అడుగుకంటే నాలుగు వేళ్లు లోపలికే ఉండాలి. బయటికి వస్తే వాననీళ్లు దాని మీద పడి డేరా కిందికే పారతాయి.

చోటు చూసేటప్పుడు: వంకకు కనీసం 60 మీటర్ల దూరం, మీద ఎండుకొమ్మలు లేని చెట్టు, దగ్గర్లో పుట్ట ఉండకూడదు, తేనెపట్టు ఉండకూడదు. పొద్దుటి ఎండ పడేలా వాకిలి తూర్పుకు పెడితే మంచు తడి తొందరగా ఆరుతుంది. వంట డేరాలకు పది మీటర్ల దూరంలో, గాలికి దిగువన.

చలిగా ఉందని నిప్పుల కుంపటిని డేరాలోకి తీసుకెళ్లొద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

నీళ్లు ఎన్ని తీసుకెళ్లాలి?

తాగడానికి మనిషికి రోజుకు 4 లీటర్లు, వంటకూ గిన్నెలకూ ఇంకో 4. 14 మందికి రోజుకు 112 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఆరు. బోరు ఉన్న తోటలో అయితే తాగే నీళ్ల మేరకు మూడు క్యాన్లు చాలు. కోన నీళ్లు తేటగా ఉన్నా పైన పశువులు, కోతులు తిరుగుతుంటాయి. తెర్లకాచి తాగాలి. బైకు తోలేవాళ్లు ఒక్కొక్కరూ 2 లీటర్లు వీపుసంచిలో పెట్టుకోవాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టును దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. అంతకంటే తక్కువ నీళ్లలో కలిపి చిక్కగా తాగితే మేలుకు బదులు కీడు.

వంట మాటేమిటి? కట్టెలపొయ్యి పెట్టొచ్చా?

సొంతదారు ఒప్పుకున్న తోటలో, గాలి లేని వేళ, చుట్టూ రెండు మీటర్లు గడ్డి గీకేసి పెట్టొచ్చు. కట్టెలు ఊళ్లో కొనుక్కోండి, అడవిలో ఏరొద్దు. పక్కన రెండు బిందెల నీళ్లు ఉండాలి. ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, కట్టెతో కలిపి, మళ్లీ పోసి, చేయి పెట్టినా వేడి తగలనంత వరకు ఆర్పాలి. రోజువారీ వంటకు 5 కిలోల చిన్న సిలిండరు, రెండు బర్నర్ల స్టవ్వే నయం. రెండు రాత్రులకు అది పూర్తిగా సరిపోతుంది. గాలికి మంట చెదిరితే గ్యాసు రెట్టింపు ఖర్చవుతుంది. మూడువైపులా రేకు అడ్డం పెట్టండి.

మొదటి పూటకు ఇంటి నుంచే చింతపండు పులిహోర తెచ్చుకుంటే డేరాలు వేసే హడావుడిలో వంట పని ఉండదు. సాయంత్రం పిల్లలకు బొరుగులు, శెనక్కాయలు. రాత్రికి సంకటి, నాటుకోడి పులుసు. 14 మందికి నూకలు 4 గ్లాసులు, రాగిపిండి 6 గ్లాసులు, కోడి రెండున్నర కిలోలు.

బయట సంకటి ఉండలు కట్టడానికి కారణం మంట. గ్లాసు నూకలకు ఐదారు గ్లాసుల నీళ్లు పోసి, నూకలు మెత్తగా ఉడికి ఇంకా జారుగా ఉన్నప్పుడే పిండిని నడిమధ్యలో కుప్పగా పోయాలి. కలపొద్దు. కుప్పలో కట్టెతో నాలుగు గుంతలు చేసి, మూత పెట్టి, మంట బాగా తగ్గించి పది నిమిషాలు ఉంచితే గంజి ఆ గుంతల్లోంచి పైకి పొంగి పిండిని లోపలిదాకా ఉడికిస్తుంది. అప్పుడు దించి, గిన్నెను కాళ్లతో అదిమిపట్టి గట్టిగా గెలకాలి. కట్టెలమంట మీద అడుగు మాడుతుందని భయపడి ముందే గెలికితే పచ్చిపిండి ఉండలు మిగిలిపోతాయి. తడిచేత్తో ముట్టుకుంటే ముద్ద అంటుకోకపోతే ఉడికినట్టు. ఊరిబిండి (శెనక్కాయల పచ్చడి) ఇంట్లోనే రుబ్బి తెచ్చుకోండి.

మిగిలింది కోతులకు వేయొద్దు. ఒక్కసారి వేస్తే మధ్యాహ్నానికల్లా గుంపు వచ్చి డేరా జిప్పులు చింపుతుంది. తిండి అంతా కారులో, అద్దాలు ఎక్కించి పెట్టాలి.

మట్టిదారికి ఏ బైకు కావాలి? మామూలు బండి చాలదా?

పల్లె మెటల్ రోడ్లకు స్ప్లెండర్, టీవీఎస్ ఎక్సెల్ చాలు, రైతులు రోజూ వాటి మీదే తిరుగుతారు. రాళ్ల ఎక్కుడు, ఇసుక ఉంటే హీరో ఎక్స్‌పల్స్ 200, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ లాంటివి సుఖం. రెండింటికీ ముందు చక్రం 21 అంగుళాలు, అందుకే రాయి మీదికి సులభంగా ఎక్కుతాయి. నేర్చుకునేవాళ్లకు ఎక్స్‌పల్స్‌దే మా ఓటు. దాదాపు 40 కిలోలు తేలిక. పడిన బండిని ఎవరి సాయం లేకుండా లేపగలగాలి, ఎంపికలో అదే ముఖ్యం. సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు కాబట్టి పొట్టివాళ్లు కొనేముందు కూర్చుని చూసుకోవాలి.

ట్యాంకు తిరుపతిలోనో చంద్రగిరిలోనో నింపుకుని బయల్దేరండి. తారు మీద లీటరుకు 30 ఇచ్చే బండి రాళ్లదారిలో 20 ఇస్తే గొప్ప.

టైర్లలో గాలి ఎంత తగ్గించాలి?

ట్యూబు టైర్లున్న బైకుకు రాళ్లదారిలో ముందు 20, వెనక 22 పీఎస్ఐ. మెత్తటి ఇసుకలో రెండూ 18. అంతకంటే కిందికి పోవద్దు. గాలి మరీ తగ్గితే రెండు జరుగుతాయి. రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి రెండు చీలికలు పడుతుంది. లేదా బ్రేకు వేసినప్పుడు టైరు రిమ్ము మీద జారి, ట్యూబును లాక్కెళ్లి వాల్వు తెంపేస్తుంది. అందుకే వాల్వు కాడకున్న చిన్న నట్టును రిమ్ముకు బిగించకుండా, పైకి తిప్పి మూతకు ఆనించి ఉంచండి. టైరు జారడం మొదలైతే వాల్వు ఒంగి కనిపిస్తుంది. అప్పుడు గాలి పూర్తిగా తీసి సర్దుకునే వ్యవధి దొరుకుతుంది.

తారు రోడ్డు ఎక్కే ముందు గాలి మళ్లీ కొట్టాలి. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది, మలుపులో బండి ఊగుతుంది. బ్యాటరీకి తగిలించే 12 వోల్టుల పంపు గుంపుకు ఒకటి చాలు, గేజి మాత్రం మంచిది కొనండి.

రాళ్ల ఎక్కుడు, ఇసుక, దిగుడు ఎలా తోలాలి?

నిలబడి తోలడంతో మొదలుపెట్టండి. పాదాల మధ్యభాగం ఫుట్‌రెస్టు మీద, మోకాళ్లు ట్యాంకును నొక్కి, మోచేతులు బయటికి, చూపు పదిహేను ఇరవై మీటర్ల ముందుకు. హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటే ప్రతి రాయి దెబ్బా భుజాలకు వస్తుంది, బండి దానంతట అది సర్దుకోలేదు. మోకాళ్లతో పట్టు, చేతులు వదులు. చక్రం ముందున్న రాయినే చూస్తూ ఉంటే నేరుగా దాని మీదికే వెళ్తారు.

ఎక్కుడులో: కిందనే గేరు ఎంచుకోండి, మామూలుగా మొదటిదో రెండోదో. ఒళ్లు ముందుకు వంచి, యాక్సిలరేటరు ఒకే తీరున. మధ్యలో గేరు మార్చబోతే వేగం చచ్చి ఆగిపోతుంది. ఆగిపోతే కంగారుపడి క్లచ్ పట్టొద్దు, బండి వెనక్కి దొర్లుతుంది. ఇంజను గేరులోనే ఆగనివ్వండి, ముందు బ్రేకు పట్టి ఉంచండి, రెండు కాళ్లూ ఆనించండి. తర్వాత బండిని కొండ వైపుకు వాలుస్తూ, క్లచ్ కొంచెం కొంచెం వదులుతూ పట్టుకుంటూ అడ్డంగా తిప్పి, కిందికి దిగి మళ్లీ రండి. బండికి దిగువ వైపున మనిషి నిలబడకూడదు.

దిగుడులో: మొదటి గేరు, క్లచ్ వదిలేసి, ఇంజనే బ్రేకు. ఒళ్లు వెనక్కి. వెనక బ్రేకు తేలిగ్గా, ముందు బ్రేకు ఒక వేలితో. వెనక చక్రానికి ఏబీఎస్ (బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఆపే వీలుంటే మట్టిలో ఆపండి, లేకపోతే గులకరాళ్ల మీద బండి ఆగదు. తారు మీదికి రాగానే మళ్లీ వేయండి.

ఏటి ఇసుకలో: రెండో గేరు, బరువు వెనక్కి, యాక్సిలరేటరు తగ్గించకుండా. ముందు చక్రం అటూ ఇటూ ఊగుతుంది, ఊగనివ్వాలి. భయపడి వదిలేస్తే ముక్కు దిగబడి పడతారు. స్వర్ణముఖి లాంటి ఏళ్లలో ఇసుక తవ్విన గుంతలు ఉంటాయి, ముందు నడిచి చూడకుండా దిగొద్దు.

గుంపులో: దుమ్ములో వంద మీటర్ల ఎడం పాటించండి. ప్రతి మలుపు దగ్గరా, వెనకవాళ్లు కనిపించేదాకా ముందువాళ్లు ఆగాలి. అందరికంటే అనుభవం ఉన్నవాళ్లు చివర ఉండాలి. మట్టిదారిలో వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు. ఐఎస్ఐ హెల్మెట్టు, చీలమండ దాటిన బూట్లు, మోకాలి గార్డులు, గ్లౌజులు లేనివాళ్లు ఆ పూట క్యాంపులోనే ఉండాలి. ఎంత దగ్గరివాళ్లయినా ఇందులో మొహమాటం వద్దు.

ఏమేం స్పేర్లు పెట్టుకోవాలి? పంచరు సొంతంగా వేసుకోవచ్చా?

21 అంగుళాల ట్యూబు ఒకటి (అవసరానికి వెనక టైరులో కూడా ఇమిడి ఊరు చేరుస్తుంది), టైరు లివర్లు మూడు, పంచరు అతుకులు, సొల్యూషను, క్లచ్ లివరు, బ్రేకు లివరు, క్లచ్ కేబులు, మీ చైనుకు సరిపోయే లింకు, యాక్సిల్ నట్టుకు సరిపోయే పానా, 10 నంబరు పానా, కట్టుతీగ, ప్లాస్టిక్ టైలు. ఇంజను కింద రాయి తగిలి ఆయిలు కారితే ఎంసీల్ ప్యాకెట్టు పనికొస్తుంది. చోటును పెట్రోలుతో తుడిచి, పూర్తిగా ఆరాకే పూయాలి.

మన దారుల్లో పంచరుకు మూలం తుమ్మముల్లు. చక్రం విప్పి, వాల్వులో పిన్ను తీసి గాలంతా వదిలేయండి. టైరు అంచు రిమ్మును వదలకపోతే ఇంకో బండి సైడుస్టాండును దాని మీద ఆనించి నొక్కండి, వదులుతుంది. లివర్లతో ఒక పక్క మాత్రమే బయటికి తీస్తే చాలు. ట్యూబు తీశాక టైరు లోపల గుడ్డతో తుడవండి. ముల్లు గుడ్డకు తగులుకుంటుంది, వేలికి గుచ్చుకోదు. ముల్లు తీయకుండా కొత్త ట్యూబు వేయడం వల్లే రెండో పంచరు పడుతుంది. కొత్త ట్యూబుకు ఆకారం వచ్చేంత గాలి కొట్టి పెడితే మెలిపడదు. ఎక్కించడం వాల్వుకు ఎదురువైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. చివర్లో బిగుసుకుంటే బలం పెట్టొద్దు. ఎదురువైపు అంచును మోకాలితో రిమ్ము గాడిలోకి నొక్కితే ఇటువైపు వదులవుతుంది. లివరు లోతుగా దూర్చితే కొత్త ట్యూబుకే గాటు పడుతుంది.

జీపు ఇసుకలోనో బురదలోనో ఇరుక్కుంటే?

చక్రం తిరుగుతూ బండి కదలకపోతే వెంటనే ఆపండి, తిప్పేకొద్దీ దిగబడుతుంది. అందరినీ దించి, గాలి 18 పీఎస్ఐకి తగ్గించి, చక్రాల ముందు ఇసుక పారతో తీసి, కింద కట్టెలో పాత గోనెసంచులో పరవాలి. నాలుగు చక్రాలకూ శక్తి అందే థార్, జిమ్నీలకు ఫోర్ లో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే అమరిక) వేసి రెండో గేరులో మెల్లగా కదపాలి. మామూలు బొలేరోకు వెనక చక్రాలకే శక్తి అందుతుంది. దాన్ని ఏటిలోకి దించకపోవడమే మేలు. లాగేటప్పుడు పట్టీని బంపరుకు కట్టొద్దు, ఛాసిస్‌కున్న కొక్కేనికే. పట్టీ తెగితే కొరడాలా వచ్చి కొడుతుంది. దాని పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఎవరూ ఉండకూడదు.

పిల్లలు బండి తోలొచ్చా?

రోడ్డు మీద వద్దు. 18 నిండనివాళ్లకు బండి ఇస్తే మోటారు వాహనాల చట్టం ప్రకారం తల్లిదండ్రులకు 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. నాలుగేళ్ల లోపు బిడ్డను బైకు మీద తీసుకెళ్లేటప్పుడు సేఫ్టీ బెల్టు, హెల్మెట్టు ఉండాలి, వేగం 40 దాటకూడదు. తోటలో చదునైన చోట పిల్లలకు సైకిళ్లు ఇవ్వండి. నిలబడి తొక్కడం, చూపు ముందుకు ఉంచడం దాని మీదే వచ్చేస్తాయి.

పాము కరిస్తే?

మన దగ్గర ప్రాణాంతకమైనవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు మందులకు తిప్పొద్దు. ఉంగరాలు, గాజులు, మొలతాడు తీసేయండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కట్టెతో కట్టి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. విషానికి విరుగుడు సూది మందే. తిరుపతిలో రుయా పెద్దాసుపత్రి, చిత్తూరులో ప్రభుత్వాసుపత్రి. పామును పట్టుకుని తేవాల్సిన పని లేదు, నాలుగింటికీ ఒకే మందు. కట్లపాము కాటుకు నొప్పి, వాపు ఉండకపోవచ్చు. రాత్రి నిద్రలేచి కడుపునొప్పి అన్నా, రెప్పలు వాలిపోతున్నా ఆలస్యం చేయకూడదు.

బూట్లు పొద్దున తొడుక్కునే ముందు బోర్లించి దులపాలి, తేళ్లకు అదే ఇష్టమైన చోటు. తేనెటీగలు లేస్తే నిలబడి విదిలించుకోవద్దు, ముఖం కప్పుకుని పరుగెత్తి కారులో దూరండి.

ఏనుగులు, చిరుతలు వస్తాయా?

పలమనేరు, కుప్పం, బంగారుపాళెం వైపు ఏనుగులు పొలాల్లోకి వస్తాయి. చంద్రగిరి, భాకరాపేట చుట్టుపక్కలా తిరుగుతుంటాయి. ఊరి రైతులకు ఆ వారం గుంపు ఎక్కడుందో తెలిసి ఉంటుంది, క్యాంపు ఖాయం చేసే ముందు అడగండి. తాజా పేడ, విరిగిన అరటి చెట్లు కనిపిస్తే ఆ రాత్రి అక్కడ ఉండొద్దు. దారిలో ఎదురైతే హారన్ కొట్టొద్దు, ఫొటోకు ఆగొద్దు, దూరంగా ఉండగానే వెనక్కి తిప్పండి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారి ప్రాణం తీసింది. పొద్దుగూకాక పిల్లలు పెద్దవాళ్ల చేతికి అందే దూరంలోనే ఉండాలి, మూత్రానికైనా ఒంటరిగా పంపొద్దు.

సిగ్నల్ లేనిచోట దెబ్బ తగిలితే?

వెళ్లే దారి, తిరిగొచ్చే వేళ కాగితం మీద రాసి క్యాంపులో ఇచ్చి వెళ్లండి. చెప్పిన వేళకు గంట దాటితే కారు బయల్దేరాలి. పడ్డవాళ్లకు మెడ నొప్పి ఉంటే, తిమ్మిరి ఉంటే కదపొద్దు, ఊపిరి ఆడుతున్నంతసేపు హెల్మెట్టు తీయొద్దు. ఎక్కువగా విరిగేది మెడపట్టె ఎముక (కాలర్‌బోన్). తువ్వాలును మూడుకోణాలుగా మడిచి చేతిని ఛాతీకి కట్టండి. ఒకరు దగ్గరుండి, ఒకరు సిగ్నల్ దొరికేదాకా వెళ్లి 108కి చేయాలి. ఊరి పేరుతో పాటు దగ్గరి గుడో బడో చెబితే అంబులెన్సు త్వరగా చేరుతుంది.

మరుగుదొడ్డి, చెత్త?

తోటలో దొడ్డి లేకపోతే నిలువు డేరా ఒకటి, దాంట్లో ప్లాస్టిక్ కుర్చీ దొడ్డి. పెద్దవాళ్లు గొంతుక్కూర్చోలేరు. గుంత అడుగు లోతు, నీళ్లకు 60 మీటర్ల దూరం, వాడిన ప్రతిసారీ మట్టి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు పూడ్చొద్దు, కుక్కలూ పందులూ తవ్వి లాగుతాయి. ముదురురంగు సంచిలో మూటగట్టి పట్నం దాకా తేవాలి. గాజుముక్కలు తోటలో ఒక్కటి కూడా మిగలకూడదు, మర్నాడు అక్కడ చెప్పుల్లేకుండా చెట్లకు మందు కొట్టేది రైతే.

తిరిగొచ్చాక బండికి ఏం చేయాలి?

ఆ రోజే ఎయిర్ ఫిల్టరు తెరిచి చూడండి. మన ఎర్రదుమ్ము సన్నటిది, కాగితం ఫిల్టరు ఒక్క ప్రయాణానికే మూసుకుపోతుంది. దులిపి వాడొద్దు, మార్చండి. చైను కిరోసిన్‌తో తుడిచి, ఆరాక నూనె వేయండి. చక్రాల స్పోకులు ఒక్కొక్కటీ పానాతో తట్టండి. గణగణ మోగినవి బిగుతుగా ఉన్నట్టు, మొద్దుగా పలికినవి వదులైనట్టు. బురదలో దిగితే బ్రేకు ప్యాడ్లు విప్పి కడగాలి. డేరాలు మడిచిపెట్టే ముందు మేడమీద ఒక పూట ఎండనివ్వండి, తడితో మడిస్తే వారంలో బూజు పట్టి గుడ్డ పైపూత లేచిపోతుంది.